ఇంప్లాంట్ పన్ను పెట్టించుకుంటున్నారా? అడ్వాన్సు కట్టకముందే ఇవి అడగండి

మొన్న సంక్రాంతికి జంతిక కొరుకుతుంటే కింది దవడలో కుడివైపు పన్ను టిక్కున కదిలింది. నొప్పి లేదు. నాలుకతో తోస్తే మాత్రం ఊగుతోంది. అది నా సొంత పన్ను కాదు, అయిదేళ్ల కిందట పెట్టించుకున్న ఇంప్లాంట్. పెట్టిన క్లినిక్కుకి ఫోన్ చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. వెళ్లి చూద్దును కదా, ఆ షట్టరు మీద మొబైల్ కవర్ల దుకాణం బోర్డు.

దగ్గర్లో ఉన్న ఇంకో డెంటల్ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చూసి, "లోపలి చిన్న స్క్రూ వదులైందంతే, బిగిస్తే సరిపోతుంది. ఏ కంపెనీదండీ?" అన్నారు. తెలీదన్నాను. "కార్డేమైనా ఇచ్చారా?" ఇవ్వలేదన్నాను. ఆయన నిట్టూర్చి ఎక్స్‌రే తీశారు. ఒక్కో కంపెనీ స్క్రూ తలకి ఒక్కో ఆకారం ఉంటుందట. ఒకదానికి ఆరు పలకల డ్రైవరు, ఇంకోదానికి నక్షత్రం ఆకారం, మరోదానికి నాలుగు పలకలు. ఎక్స్‌రేలో మరలు చూసి ఏ కంపెనీదో ఊహించి, స్టీలు డబ్బాలోంచి అగ్గిపుల్ల కన్నా పొట్టి డ్రైవర్లు ఒక్కొక్కటే తీసి పెట్టి చూశారు. నాలుగోది పట్టింది. పది నిమిషాల పనికి గంటన్నర పట్టింది.

నోరు తెరుచుకుని ఆ కుర్చీలో పడుకున్న గంటన్నరలో తెలిసొచ్చింది, అయిదేళ్ల కిందట నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న అని. "ఎంతవుతుంది?" మిగతా ప్రశ్నలన్నీ ఇప్పుడు, మీ కోసం, వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒకసారి దెబ్బతిని, తర్వాత డాక్టర్లను విసిగించి మరీ తెలుసుకున్నవాణ్ని. మీ నోటి సంగతి తేల్చాల్సింది మీ డాక్టరే. కానీ ఆయన్ని ఏమడగాలో తెలిసి వెళ్తే సగం పని అయినట్టే.

1. లోపల పెట్టేదేమిటో ముందు తెలుసుకోండి

ఇంప్లాంట్ అంటే పన్ను అనుకుంటాం. నిజానికి అందులో మూడు ముక్కలుంటాయి. దవడ ఎముకలోకి దిగేది టైటానియం స్క్రూ. రమారమి 4 మి.మీ. లావు, 10 మి.మీ. పొడవు, అంటే చిటికెనవేలి గోరంత. పంటి వేరు చేసే పని దానిది. దాని మీద ఇంకో చిన్న స్క్రూతో బిగించి (నాకు వదులైంది ఈ చిన్నదే), చిగురు దాటి పైకి వచ్చే చిన్న ముక్క అబట్‌మెంట్. అందరికీ కనిపించేది, మనం నమిలేది ఆ పైనుండే క్యాప్.

ఈ పద్ధతికి మూలం స్వీడన్‌లో ఉంది. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1950లలో కుందేళ్ల ఎముకల్లో రక్తం ఎలా తిరుగుతుందో చూడ్డానికి టైటానియం పరికరాలు అమర్చాడు. పనయ్యాక తీయబోతే అవి ఊడిరాలేదు. ఎముక వాటిని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టాడు. ఆ పేషెంటు 2006లో పోయేదాకా, అంటే నలభై ఏళ్లు, ఆ ఇంప్లాంట్లు పనిచేస్తూనే ఉన్నాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, స్క్రూని లోపల పట్టి ఉంచేది సిమెంటూ కాదు, జిగురూ కాదు. మన ఎముకే దాని చుట్టూ పెరిగి పట్టుకోవాలి. దానికి నెలలు కావాలి. మనం ఎంత తొందరపడినా ఎముక తొందరపడదు.

ఇంకొకటి. సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నని నారపొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా జిల్లుమనిపించేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో దానికి సరిగ్గా తెలీదు. నా జంతిక సంగతి అదన్నమాట.

2. అసలు మీకు అవసరమా?

పన్ను ఇంకా నోట్లోనే ఉంటే మొదటి ప్రశ్న: దీన్ని కాపాడలేమా? రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలిచే పన్నుని పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోవడం తెలివైన పని కాదు. సొంత పన్నుకి సాటి వచ్చేది లేదు. ఎవరైనా "ఇది పీకేసి ఇంప్లాంట్ పెట్టేద్దాం" అని అయిదు నిమిషాల్లో తేల్చేస్తే, డబ్బు కట్టకుండా బయటికొచ్చి ఇంకో డాక్టరుకి చూపించండి.

పన్ను ఎప్పుడో పోయి ఉంటే మూడు దారులున్నాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, పక్క పళ్లను అరగదీసి వేసే బ్రిడ్జి, ఇంప్లాంట్. పక్క పళ్లకి ఎలాగూ క్యాపులు ఉంటే, లేదా అవసరమైతే, బ్రిడ్జి ఏమీ తక్కువది కాదు. రెండు మూడు వారాల్లో పనైపోతుంది. పక్క పళ్లు శుభ్రంగా, ఏ మరమ్మతూ లేకుండా ఉంటే వాటిని అరగదీయడం పాపం. అక్కడ ఇంప్లాంట్ మేలు. జ్ఞానదంతం పోతే ఏమీ పెట్టించుకోనక్కర్లేదు.

పళ్లన్నీ పోయిన అమ్మానాన్నల కోసం చూస్తున్నవాళ్లకి ఒక మాట. నోరంతా ఇంప్లాంట్లంటే లక్షల్లో చెబుతారు, గుండె గుభేలుమంటుంది. కానీ కింది దవడలో ముందువైపు రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటికి ప్రెస్ బటన్‌లా పట్టుకునే కట్టుడు పళ్ల సెట్టు ఇవ్వొచ్చు. మాట్లాడుతుంటే సెట్టు జారిపోయే బాధ చాలావరకు పోతుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో సమావేశమైన నిపుణులు, పళ్లు లేని కింది దవడకి మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనన్నారు. డాక్టరు ఈ మాట తనంతట తాను ఎత్తకపోతే మీరే అడగండి.

పిల్లలకి తొందరపడొద్దు. దవడ ఎదుగుదల ఆగాకే ఇంప్లాంట్. అమ్మాయిలకి పద్దెనిమిది, అబ్బాయిలకి ఇరవై దాటాక చూస్తారు. బైకు మీద నుంచి పడి పదిహేనేళ్లకే ముందు పన్ను పోగొట్టుకున్న కుర్రాడికి అప్పటిదాకా తాత్కాలిక పన్ను పెట్టి నెట్టుకురావాలి. ముందే పెడితే చుట్టూ పళ్లు కిందికి దిగుతూ పోతాయి, ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది.

3. పన్ను పీకే రోజే మాట్లాడుకోండి

నేను చేసిన మొదటి తప్పు ఇదే. దవడ పన్ను పీకించుకుని, "ఎలాగూ లోపలిది, ఎవరికి కనిపిస్తుందిలే" అని మూడేళ్లు ఊరుకున్నాను. పన్ను పోయిన చోట ఎముకకి పని ఉండదు, అది తరిగిపోతుంది. ఎక్కువ తరుగుదల మొదటి ఏడాదిలోనే. అందులోనూ మొదటి ఆరు నెలల్లో. పాడుబడ్డ ఇంటి గోడ వానకి కరిగినట్టు వెడల్పూ తగ్గుతుంది, ఎత్తూ తగ్గుతుంది. పైపళ్లో కిందపళ్లో, ఎదురుగా ఉన్నది ఖాళీ చోటులోకి సాగుతుంది. పక్కవి వాలతాయి. నేను వెళ్లేసరికి స్క్రూ పట్టేంత వెడల్పు లేక, అక్కడ ఎముక పెరగడానికి వేసే పొడి, అదే ఎముక పొడి, వేయాల్సి వచ్చింది. ఖర్చు పెరిగింది, నాలుగు నెలలు అదనంగా ఆగాల్సి వచ్చింది.

కాబట్టి పీకే ముందే అడగండి: ఇక్కడ తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకోవాలంటే ఇప్పుడేం చేయాలి? కొందరికి పీకిన రోజే పెట్టొచ్చు. చీము, ఇన్‌ఫెక్షన్ ఉంటే కొన్ని వారాలు ఆగుతారు. కొందరికి ఆ గుంతలోనే ఎముక పొడి నింపి మూడు నాలుగు నెలలు వదిలేస్తారు.

4. మీ మందుల చీటీ మొత్తం బల్ల మీద పెట్టండి

పంటి డాక్టరుకి గుండె మందులు, షుగర్ మందులు ఎందుకులే అనుకుంటాం. ఇక్కడే చాలా ఇంప్లాంట్లు చెడతాయి. రోజూ వేసుకునే మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. పేర్లు గుర్తు పెట్టుకుని చెప్పాలనుకోకండి.

షుగర్ ఉంటే ఇంప్లాంట్ కుదరదన్నది అపోహ. అదుపులో లేకపోతేనే ఇబ్బంది. ఆ పూట షుగర్ ఎంతుందన్నది పెద్దగా పనికిరాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. 7 దరిదాపుల్లో ఉంటే డాక్టర్లు ధైర్యంగా చేస్తారు. 9, 10 ఉంటే ముందు షుగర్ సంగతి చూసుకోమంటారు. అలా అన్న డాక్టరు మీద విసుక్కోకండి, ఆయన మంచి డాక్టరు.

రక్తం పలచన చేసే మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే, మీ అంతట మీరు ఆపేయకండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు మరీ ముఖ్యంగా. చిగురు నుంచి కాస్త ఎక్కువ రక్తం రావడాన్ని ఆపొచ్చు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. గుండె డాక్టరూ పంటి డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లకి ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది, అదీ చెప్పాలి.

అందరూ మర్చిపోయేది ఎముకల ఇంజెక్షన్. ఎముకలు గుల్లబారాయని అమ్మకి ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ చేయిస్తుంటారు. అది రోజూ వేసుకునే మాత్ర కాదు కాబట్టి "ఏ మందులు వాడుతున్నారు?" అంటే ఆ సంగతే నోటికి రాదు. అలెండ్రోనేట్ మాత్రలు, డెనోసుమాబ్ ఇంజెక్షన్ కూడా ఈ కోవలోవే. ఇవి వాడేవాళ్లలో దవడ మీద కోత పెడితే ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం కొందరికి ఉంటుంది. క్యాన్సర్ కోసం ఎక్కువ మోతాదులో తీసుకునేవాళ్లకి ఆ భయం బాగా ఎక్కువ. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్లూ తప్పకుండా చెప్పాలి.

సిగరెట్ తాగేవాళ్లకి ఇంప్లాంట్ ఫెయిలయ్యే అవకాశం తాగనివాళ్లతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకి ఇంకో చిక్కు. బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. అద్దం ముందు నిలబడి మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే, డ్రిల్లు వెనక పళ్ల దాకా వెళ్లేదెలా? ఇది ఇంప్లాంట్ కన్నా ముందు చూపించుకోవాల్సిన జబ్బు.

5. స్కాన్ లేకుండా సరేననకండి

మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది, వెడల్పు తెలీదు. గోడ ఫొటో చూసి గోడ మందం చెప్పలేం కదా. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌లో అన్నీ కనిపిస్తాయి. నిలబడో కూర్చునో ఉంటే యంత్రం తల చుట్టూ తిరుగుతుంది, నిమిషం కూడా పట్టదు.

కింది దవడలో వెనకవైపు ఎముక లోపలి నుంచి ఒక నరం వెళ్తుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. స్క్రూ కొసకీ నరానికీ మధ్య కనీసం 2 మి.మీ. ఎడం ఉంచాలంటారు. పై దవడలో వెనకవైపు పళ్ల పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. అక్కడ ఎముక పలచగా ఉంటే సైనస్ పొరని పైకి లేపి కింద ఎముక పొడి నింపుతారు. దాన్నే సైనస్ లిఫ్ట్ అంటారు.

డాక్టరు గారిని స్కాన్ తెర మీద చూపించమనండి. "నా నరం ఎక్కడుంది? ఎంత ఎముక ఉంది? ఎంత పొడవు స్క్రూ పెడుతున్నారు?" అని అడగండి. ఈ మూడింటికీ వేలితో చూపించి జవాబు చెప్పగలిగితే ఆ చేతుల్లో నోరు పెట్టొచ్చు. స్కాన్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. డబ్బు కట్టింది మీరే.

6. చేసేదెవరు? తర్వాత చూసేదెవరు?

బీడీఎస్ చదివి ఇంప్లాంట్లలో శిక్షణ పొందినవాళ్లు కూడా ఈ పని చేస్తారు. ఎండీఎస్‌లో ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ల విభాగం), పెరియోడాంటిక్స్ (చిగుళ్ల విభాగం), ఓరల్ సర్జరీ చదివినవాళ్లకి ఇది చదువులో భాగం. డిగ్రీ ఒక్కటే చూడకండి, రోజూ చేసే పనో అప్పుడప్పుడు చేసే పనో అడగండి. ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ విడివిడిగా, పంటి డాక్టర్లను నమోదు చేసే డెంటల్ కౌన్సిళ్లు ఉన్నాయి. క్లినిక్కు గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది.

మన ఊళ్లలో ఒక అలవాటుంది. క్లినిక్కు ఒకరిది, ఇంప్లాంట్ పెట్టేది ఆదివారం బయటి నుంచి వచ్చే సర్జన్. అందులో తప్పేమీ లేదు, చాలాసార్లు ఆయన చెయ్యే మంచి చెయ్యి. కానీ సోమవారం రాత్రి వాస్తే ఫోన్ ఎత్తేదెవరు? ఆరు నెలల తర్వాత క్యాప్ వేసేదెవరు? స్క్రూ పట్టకపోతే మళ్లీ పెట్టడానికి డబ్బు తీసుకుంటారా? ఇవి మొహమాటం లేకుండా అడగాలి. "జీవితకాల గ్యారంటీ" అని కాగితం ఇస్తే అది ఎవరి జీవితకాలమో చదవండి. కంపెనీలు గ్యారంటీ ఇచ్చేది మామూలుగా స్క్రూకి. డాక్టరు ఫీజుకీ, క్యాప్‌కీ కాదు. క్లినిక్కే మూతపడితే ఆ కాగితం ఏమవుతుందో నన్నడగండి.

ఖర్చు భారమైతే డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. జిల్లాల్లో ప్రైవేటు డెంటల్ కాలేజీలూ ఉన్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, లైన్లో కూర్చోవాలి. అయినా అక్కడ తొందరపెట్టి అమ్మేవాళ్లు ఉండరు.

7. డబ్బు లెక్క కాగితం మీద రాయించుకోండి

పెద్ద ఊళ్లలో ప్రైవేటుగా ఒక పన్నుకి సుమారు 25 వేల నుంచి 60 వేల దాకా చెబుతున్నారు. ఎముక పొడి, సైనస్ లిఫ్ట్ ఉంటే ఇంకా పైన. ఫ్లెక్సీ మీద కనిపించే చవక ధర చాలాసార్లు స్క్రూ ఒక్కదానిదే. అబట్‌మెంట్ వేరు, క్యాప్ వేరు, స్కాన్ వేరు అని తర్వాత తెలుస్తుంది. స్కాన్, స్క్రూ, ఎముక పొడి, అబట్‌మెంట్, తాత్కాలిక పన్ను, క్యాప్, తర్వాతి చెకప్పులు: ఒక్కొక్కదాని ఎదురుగా ధర వేయమనండి. మామూలు హెల్త్ ఇన్సూరెన్సులు దీనికి డబ్బివ్వవు, యాక్సిడెంట్‌లో పళ్లు పోయి ఆస్పత్రిలో చేరితే తప్ప. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి.

కంపెనీ విషయంలో స్విట్జర్లాండ్ స్ట్రామన్, నోబెల్ బయోకేర్ లాంటివి ఖరీదు. కొరియా ఆస్‌టెమ్, డెంటియమ్, ఇజ్రాయెల్ కంపెనీలవి వాటికన్నా తక్కువ ధరకి దొరుకుతాయి. ఖరీదైనదే పెట్టించుకోవాలని నేననను. పదేళ్ల తర్వాత కూడా విడిభాగం దొరికే, పదిమంది డాక్టర్లు వాడే కంపెనీ అయితే చాలు.

ఎముక పొడి గురించి మనవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎవరూ అడగరు. బాగా వాడుకలో ఉన్న పొడుల్లో కొన్ని ఆవు జాతి ఎముక నుంచి తయారైనవి. దాని మీద కప్పే పొరల్లో కొన్ని పంది నుంచి తీసినవి. శుద్ధి చేసినవే, వైద్యపరంగా ఇబ్బంది లేనివే. కానీ మీకు ఆచారరీత్యా పట్టింపు ఉంటే ఆపరేషన్ అయ్యాక తెలియడం మంచిది కాదు. పూర్తిగా కృత్రిమంగా తయారైనవీ దొరుకుతాయి, మన ఎముకనే కొద్దిగా తీసి వాడే పద్ధతీ ఉంది. ముందే చెబితే దాన్నిబట్టి చూస్తారు.

8. ఆ రోజు

పరగడుపున వెళ్లకండి. ఆ చోటికి మాత్రమే మత్తు ఇస్తారు కాబట్టి శుభ్రంగా టిఫిన్ తిని, బీపీ, షుగర్ మాత్రలు మామూలుగా వేసుకుని వెళ్లాలి. తర్వాత కొన్ని గంటలు సరిగ్గా తినలేరు. పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఇంజెక్షన్ రెండు మూడు చురుకులు. ఆ తర్వాత నొప్పి ఉండదు, అదురు మాత్రం తెలుస్తుంది. పక్కింట్లో గోడకి డ్రిల్లు వేస్తుంటే మన గోడకి చెవి ఆనించినట్టు. మధ్యమధ్యలో చల్లటి సెలైన్ ధారగా పోస్తారు, నర్సు పీల్చేస్తుంటుంది. ఎముక 47 డిగ్రీల వేడి దాటి ఒక నిమిషం ఉంటే కణాలు దెబ్బతింటాయి, అందుకే ఆ నీళ్లు. చివర్లో స్క్రూని బిగించేటప్పుడు దవడ మీద ఒత్తిడి తెలుస్తుంది. పన్ను పీకించుకున్నదాని కన్నా ఇదే తేలిక అనిపించింది నాకు. ఒక్క పన్నుకి గంటలోపే.

లేచే ముందు అడగాల్సింది: స్క్రూ డబ్బా మీద స్టిక్కరు. కంపెనీ పేరు, లావు, పొడవు, లాట్ నంబరు దాని మీద ఉంటాయి. ఒకటి మీ ఫైల్లో అంటించమనండి.

9. మొదటి వారం

పెట్టిన దూది గంటసేపు కొరికి పట్టుకోండి. మొదటి రోజు పుక్కిలించొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో పీల్చొద్దు. మన దగ్గర ఎవరికి ఒంట్లో బాగోకపోయినా కొబ్బరి బొండాం తెస్తారు, దాంట్లో స్ట్రా వేసి ఇస్తారు. గ్లాసులో పోయించుకుని తాగండి. పీల్చితే గాయం మీద గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. బుగ్గ మీద బయటి నుంచి పది నిమిషాలకోసారి ఐసు. పెరుగన్నం, చల్లారిన రాగి జావ, సాంబారులో నానిన ఇడ్లీ, మెత్తటి పప్పన్నం. ఆవకాయ వారం రోజులు పక్కన పెట్టండి, కష్టమే, తెలుసు. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు నెమ్మదిగా. రాసిచ్చిన మౌత్‌వాష్ రాసిచ్చినన్ని రోజులే.

వాపు రెండో, మూడో రోజుకి ఎక్కువవుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. మూడో రోజు దాటాక పెరుగుతుంటే, జ్వరం వస్తే, చీము రుచి తగిలితే, రక్తం ఆగకపోతే వెంటనే ఫోన్ చేయండి. అన్నిటికన్నా ముఖ్యం: మత్తు వదలాల్సిన టైమ్ దాటి, మర్నాడు పొద్దున కూడా కింది పెదవి మొద్దుబారి ఉంటే "తగ్గుతుందిలే" అని ఆగకండి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే తొలి రోజుల్లో తీసేస్తేనే స్పర్శ తిరిగొచ్చే అవకాశం. సైనస్ లిఫ్ట్ అయినవాళ్లు ముక్కు గట్టిగా చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, డాక్టరు సరేననేదాకా విమానం ఎక్కొద్దు.

10. ఆ తర్వాత నెలలు

ఎముక స్క్రూని పట్టుకోవడానికి కింది దవడకి రెండు మూడు నెలలు, పై దవడకి నాలుగు నుంచి ఆరు. ఎముక పొడి వేస్తే ఇంకా ఎక్కువ. "ఒక్క రోజులో పళ్లు" అన్న ప్రకటనలు పూర్తి అబద్ధమేమీ కాదు. ఎముక గట్టిగా ఉండి స్క్రూ బాగా బిగిస్తే అదే రోజు తాత్కాలిక పన్ను ఇవ్వొచ్చు. కానీ అది చూపుకే, నమలడానికి కాదు. ముందు పన్నుకి ఈ సౌకర్యం అడగొచ్చు, పెళ్లి పెట్టుకుని బోసి నోటితో తిరగలేం కదా. వెనక పన్నుకి ఆగడమే మంచిది.

అమెరికా, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి చేయించుకునేవాళ్లు లెక్క ఇలా వేసుకోవాలి. మూడు వారాల సెలవులో పీకడం, పెట్టడం, క్యాప్ అన్నీ అవ్వవు. ఒక రాకలో స్క్రూ, తర్వాతి రాకలో క్యాప్. మధ్యలో అక్కడ ఏదైనా అయితే చూడ్డానికి అక్కడి డాక్టరు దగ్గర ఆ కంపెనీ సామాను ఉండాలి. అందుకే అక్కడ కూడా దొరికే కంపెనీదే పెట్టించుకోండి, ధర కాస్త ఎక్కువైనా.

క్యాప్ వేసే ముందు ఇంకో మాట అడగండి: స్క్రూతో బిగించేదా, సిమెంటుతో అంటించేదా? వీలైన చోట స్క్రూదే అడగమంటాను. నా పన్ను వదులైనప్పుడు పైనున్న చిన్న రంధ్రం తెరిచి బిగించగలిగారు. సిమెంటుదైతే క్యాప్ పగలగొట్టాల్సి వచ్చేదేమో. పైగా చిగురు కిందికి జారిన సిమెంటు ముద్ద తర్వాత చుట్టూ చీము పట్టిస్తుంది. క్యాప్ పెట్టాక రంగు కాగితం కొరికిస్తారు. ఎత్తుగా తగిలితే "పర్లేదులెండి" అని లేచి వచ్చేయకండి. పక్క పంటికీ దీనికీ మధ్య దారం బిగుతుగా దూరాలి. సందు ఉంటే జీవితాంతం కందిపప్పు బద్దలు ఇరుక్కుంటాయి.

11. రోజూ చేయాల్సింది

టైటానియం పుచ్చదు. చుట్టూ ఉన్న చిగురు, ఎముక మాత్రం పాడవుతాయి, అదీ నొప్పి లేకుండా. మొదట చిగురు నుంచి రక్తం, తర్వాత వాసన, చీము, చివరికి ఎముక తరిగి స్క్రూ కదలడం. పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచే ఉంటాయి, కానీ అవి శుభ్రం చేసుకునేవాళ్లవి. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకుని, రాత్రిపూట పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడండి. మందుల షాపుల్లో దొరుకుతుంది. టూత్‌పిక్, పిన్నీసు వద్దు. ఆరు నెలలకోసారి చూపించుకోండి, ఎప్పుడు ఎక్స్‌రే తీయాలో వాళ్లు చెబుతారు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు, చేయించుకోండి.

కదిలితే నాలుకతో, వేలితో ఆడించకండి. ఆ వైపు నమలడం మానేసి రెండు మూడు రోజుల్లో చూపించండి. వదులైన చిన్న స్క్రూ మీదే నములుతూ పోతే అది లోపలే విరుగుతుంది. క్యాప్ ఊడొస్తే చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. ఫెవిక్విక్‌తో అంటించుకుని వచ్చినవాళ్లున్నారట, మా డాక్టరు గారు చెప్పారు.

ఆ రోజు స్క్రూ బిగించాక ఆయన తన చీటీ మీద నా పన్ను బొమ్మ గీసి, పక్కన కంపెనీ పేరు, లావు, ఏ డ్రైవరు పట్టిందో రాసి, "ఇది పారేయకండి" అని ఇచ్చారు. దాన్ని ఫొటో తీసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అసలు కాగితం బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంది.